మందు మానడం ఒక ఎత్తు... మానాక బతకడం మరో ఎత్తు

ఆల్కహాలిక్స్ అనానిమస్ వ్యవస్థాపకుడు బిల్ విల్సన్ జీవితం నుంచి మన ఇళ్లకు పనికొచ్చే సంగతులు

ఆదివారం ఉదయం హైదరాబాద్ నుంచి చేవెళ్ల రోడ్డు పట్టుకుని మర్రిచెట్ల నీడన వెళ్లే కార్లలో రకరకాల వాళ్లుంటారు. చిలుకూరు బాలాజీ దర్శనానికి వెళ్లేవాళ్లు కొందరు. మొయినాబాద్ దగ్గర ఫాంహౌస్‌లకు పిల్లాపాపలతో బయల్దేరేవాళ్లు కొందరు. తోటల మధ్య ఉన్న ఏదో ఒక డీఅడిక్షన్ కేంద్రంలో చేర్చిన భర్తనో, కొడుకునో, అన్ననో చూసి రావడానికి పండ్లూ బట్టలూ సర్దుకుని వెళ్లేవాళ్లు ఇంకొందరు. ఎక్కడికని ఎవరైనా అడిగితే గుడికేనంటారు.

లోపల ఉన్నన్నాళ్లూ మనిషి బాగానే ఉంటాడు. వేళకు తింటాడు, వేళకు పడుకుంటాడు, ముఖంలో కళ వస్తుంది. మూడు నెలలయ్యాక ఇంటికి తీసుకొస్తారు. అసలు పరీక్ష మొదలయ్యేది అప్పుడే. వీధి చివర వైన్‌షాప్ అక్కడే ఉంటుంది. అప్పులవాడు ఫోన్ చేస్తూనే ఉంటాడు. బావమరిది ఎత్తిపొడుపు మాట తప్పదు. సాయంత్రం ఏడయ్యేసరికి ఏం చేయాలో తోచదు. ఒంట్లోంచి మందు పోయినంత తేలిగ్గా మనసులోంచి ఎందుకు పోదు? పోవాలంటే ఏం నేర్చుకోవాలి?

ఈ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ జీవితమంతా గడిపిన మనిషి ఒకడున్నాడు. వైద్యుడు కాదు, మతగురువు కాదు. న్యూయార్క్ షేర్ మార్కెట్లో పనిచేసిన ఒక తాగుబోతు. పేరు బిల్ విల్సన్.

బూమరాంగ్ చేసిన పిల్లాడు

విలియం గ్రిఫిత్ విల్సన్ 1895 నవంబర్ 26న అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రంలో, ఈస్ట్ డోర్సెట్ అనే చిన్న ఊళ్లో పుట్టాడు. పదేళ్ల వయసులో తండ్రి ఇల్లు వదిలి వెళ్లిపోయాడు. తల్లిదండ్రులు విడిపోయారు. తల్లి చదువు కోసం బోస్టన్‌కు వెళ్లింది. బిల్‌నూ, చెల్లెలినీ అమ్మమ్మా తాతయ్యా పెంచారు.

తండ్రి తనను వదిలిపోవడానికి తనలోనే ఏదో లోపం ఉందని ఆ పిల్లాడు అనుకున్నాడు. ఆ వెలితిని పూడ్చుకోవడానికి ఒకే దారి కనిపించింది. ఏ పనిలోనైనా తనే ఫస్టు రావాలి. బూమరాంగ్ చేయడం ఆస్ట్రేలియా ఆదివాసులకు తప్ప మరెవరికీ చేతకాదని ఒకసారి తాతయ్య అన్నాడు. అంతే, నెలల తరబడి కర్రలు చెక్కుతూ కూర్చున్నాడు. చివరికి తిరిగొచ్చే బూమరాంగ్ చేసి చూపించాడు. తాతయ్య పొంగిపోయాడు. పట్టుదల గల పిల్లాడని ఊరంతా మెచ్చుకుంది. అయితే గెలిస్తేనే తనకు విలువ, లేకపోతే లేదన్న లెక్క ఆ పట్టుదల అడుగున ఉంది. అది ఎవరికీ కనిపించలేదు.

1912లో, పదిహేడేళ్లు నిండే రోజుల్లో, అతను ప్రేమించిన అమ్మాయి బెర్తా ఆపరేషన్ తర్వాత చనిపోయింది. బిల్ తీవ్రమైన దిగులులోకి జారిపోయాడు. తిండి లేదు, చదువు లేదు, మనుషులతో మాట లేదు. ఇవాళ అయితే డిప్రెషన్ అని గుర్తుపట్టి చికిత్స చేయించేవారు. అప్పట్లో కాలమే మాన్పుతుందని వదిలేశారు.

తాగుడు ఎక్కడ మొదలైందని అడిగితే మనం మొదటి గ్లాసు దగ్గర వెతుకుతాం. బిల్ విషయంలో గ్లాసు రావడానికి పదేళ్ల ముందే దానికి చోటు సిద్ధమైపోయింది.

మొదటి గ్లాసు

1917లో అమెరికా మొదటి ప్రపంచయుద్ధంలో చేరింది. సైన్యంలో యువ అధికారిగా ఉన్న బిల్‌ను మసాచుసెట్స్‌లోని న్యూబెడ్‌ఫర్డ్‌లో స్థానిక సంపన్నులు విందుకు పిలిచారు. అతనికి సభాపిరికితనం ఎక్కువ. నలుగురిలో చేతులెక్కడ పెట్టుకోవాలో కూడా తెలిసేది కాదు. ఆ విందులో ఎవరో ఒక గ్లాసు చేతిలో పెట్టారు. తాగాడు. తనకూ లోకానికీ మధ్య ఉన్న గోడ ఒక్కసారిగా కూలిపోయినట్టు అనిపించింది. నవ్వాడు, మాట్లాడాడు, అందరిలో కలిసిపోయాడు.

సమస్య ఇక్కడే ఉంది. మందు అతనికి మొదట హాని చేయలేదు, సాయం చేసింది. బిడియం పోగొట్టింది, దిగులు మరిపించింది. ఆ పనులు చేసుకునే వేరే నేర్పు ఏదీ అతనికి లేదు. దాంతో ప్రతి ఇబ్బందికీ ఒకటే మందు అయింది. మనింట్లో తాగే మనిషిని కూడా ఎందుకు తాగుతున్నావని అరిచే ముందు, తాగితే అతనికి ఏం తీరుతోందని ఒక్కసారి ఆలోచించాలి. కొందరికి నిద్ర, కొందరికి ధైర్యం, కొందరికి ఒంటరితనం నుంచి కాసేపు విరామం. ఆ అవసరం తీరే మరో దారి దొరకనంతకాలం సీసా లాగేసుకున్నా ఫలితం కొద్దిరోజులే.

బైబిల్ మీద రాసిన ఒట్లు

1918 జనవరి 24న లోయిస్ బర్న్‌హామ్‌ను బిల్ పెళ్లి చేసుకున్నాడు. ఆమె న్యూయార్క్‌లోని ఒక డాక్టర్ కూతురు. యుద్ధం నుంచి తిరిగొచ్చాక బిల్ షేర్ మార్కెట్లో చేరాడు. కంపెనీల ఆర్థిక పరిస్థితిని స్వయంగా చూసి వచ్చి ఏ షేరు కొనవచ్చో చెప్పడం అతని పని. ఇద్దరూ సైడ్‌కార్ ఉన్న మోటార్‌సైకిల్ మీద 1925లో ఊరూరా తిరిగి ఫ్యాక్టరీలు చూశారు. డబ్బు బాగా వచ్చింది. తాగుడూ దాంతోపాటే పెరిగింది.

అప్పుడు అమెరికాలో సంపూర్ణ మద్యనిషేధం అమలులో ఉంది. 1920 నుంచి 1933 వరకు దేశమంతటా మందు అమ్మడం నేరం. బిల్ పూర్తిస్థాయి తాగుబోతుగా మారింది సరిగ్గా ఆ పదమూడేళ్లలోనే. దొంగచాటు సరుకుకు కరువు లేదు. 1995లో మన రాష్ట్రంలో మద్యనిషేధం వచ్చి రెండేళ్లకే సడలిపోవడం చూసిన తరానికి ఇది కొత్తగా చెప్పాల్సిన పని లేదు. నిషేధంతో దుకాణం మూతపడుతుంది. తాగడానికి మనిషి చెప్పుకునే కారణాలు మాత్రం అతనిలోనే ఉంటాయి.

1929లో షేర్ మార్కెట్ కుప్పకూలింది. ఉద్యోగాలు పోయాయి. దంపతులు బ్రూక్లిన్‌లో లోయిస్ పుట్టింట్లో తలదాచుకున్నారు. ఆమె డిపార్ట్‌మెంట్ స్టోర్‌లో పనిచేసి ఇల్లు నడిపింది. బిల్ ఆమె పర్సులోంచి చిల్లర తీసుకుని తాగేవాడు. ఇక ముట్టనని ఇంట్లోని బైబిల్ మీద రాసి సంతకం పెట్టేవాడు. ఒకసారి కాదు, మళ్లీ మళ్లీ. రాసిన ప్రతిసారీ మనస్ఫూర్తిగానే రాశాడు. ప్రతిసారీ ఒట్టు తప్పాడు.

మన ఇళ్లలో పిల్లల తల మీద చేయి వేయించి ఒట్టు పెట్టిస్తాం. మాల వేసుకుని 41 రోజులు నిష్ఠగా ఉన్న మనిషి, మాల తీసిన సాయంత్రమే సీసా తెరవడం చూస్తాం. అతను మోసగాడని తేల్చేస్తాం. నిజానికి దీక్షలో ఉన్నన్నాళ్లూ అతనికి ఒక నియమం ఉంది, తోడు ఉంది, తెల్లవారుజామున లేచి చేసే పని ఉంది, నలుగురూ స్వామీ అని పిలిచే గౌరవం ఉంది. మాలతోపాటు అవన్నీ ఒక్కరోజులో పోయాయి. తాగకుండా నిలబెట్టిన సరంజామా ఏదో గుర్తించి, దాన్ని మిగతా రోజుల్లోకి తెచ్చుకోవడం ఎవరూ నేర్పలేదు.

ఆస్పత్రిలో నాలుగుసార్లు

1933, 34 సంవత్సరాల్లో బిల్ న్యూయార్క్‌లోని టౌన్స్ ఆస్పత్రిలో నాలుగుసార్లు చేరాడు. ఖర్చు బావ లెనర్డ్ స్ట్రాంగ్ భరించాడు. అక్కడి వైద్యుడు విలియం సిల్క్‌వర్త్ బిల్‌ను తిట్టలేదు, నీతులు చెప్పలేదు. తాగుడు గుణదోషం కాదనీ, జబ్బనీ వివరించాడు. ఒక్క గుక్క పడితే ఆపలేని శరీరం, తాగని రోజుల్లో కూడా దాని చుట్టూ తిరిగే మనసు, రెండూ కలిస్తేనే ఈ జబ్బు అన్నది ఆయన అవగాహన.

తన మీద తనకున్న అసహ్యం ఆ మాటతో కొంత తగ్గింది. ఊరట కలిగింది. ఇక జబ్బేమిటో తెలిసింది కాబట్టి తాగనని నమ్మకంగా ఇంటికొచ్చాడు. మళ్లీ తాగాడు. తెలుసుకోవడం ఒకటి, అలవాటు కావడం ఇంకొకటి. తాగుడు మంచిది కాదని తెలియక తాగేవాళ్లు ఎవరూ ఉండరు.

1934 నవంబర్‌లో పాత తాగుడు స్నేహితుడు ఎబీ థాచర్ ఇంటికొచ్చాడు. బిల్ గ్లాసు నింపి ముందు పెట్టాడు. ఎబీ వద్దన్నాడు. ఆక్స్‌ఫర్డ్ గ్రూప్ అనే ఆధ్యాత్మిక బృందంలో చేరి మానేశానని చెప్పాడు. తన తప్పులు తాను ఒప్పుకోవడం, వాటిని మరొకరికి చెప్పుకోవడం, నొప్పించినవాళ్ల దగ్గరకు వెళ్లి సరిదిద్దుకోవడం, ఇతరులకు సాయపడటం, ఇవీ అక్కడి పద్ధతులు. ఎబీ చెప్పినదానికన్నా అతని శుభ్రమైన ముఖం బిల్ మీద ఎక్కువ పనిచేసింది. తనలాంటివాడే, తనకన్నా హీనంగా తాగినవాడే, మానగలిగాడు.

డిసెంబర్ 11న బిల్ నాలుగోసారి ఆస్పత్రిలో చేరాడు. పూర్తిగా కుంగిపోయిన ఒక ఘడియలో గదంతా వెలుగు నిండిన అనుభూతి కలిగింది. దేవుడి స్పర్శ అని అతను నమ్మాడు. అప్పుడిచ్చిన మందుల ప్రభావం కావచ్చని అన్నవాళ్లూ ఉన్నారు. ఏదైనా కానివ్వండి, 39 ఏళ్ల బిల్ విల్సన్ ఆ తర్వాత చనిపోయేదాకా మళ్లీ తాగలేదు. అయితే ఆ రాత్రి వెలుగు ఒక్కటే 36 ఏళ్లు కాపాడిందనుకుంటే పొరపాటు. కాపాడినవి తర్వాత నేర్చుకున్న పనులు.

హోటల్ లాబీలో పది నిమిషాలు

ఇంటికొచ్చాక బిల్ కనిపించిన తాగుబోతునల్లా మార్చాలని తిరిగాడు. ఐదు నెలల్లో ఒక్కరూ మారలేదు. సిల్క్‌వర్త్ సలహా ఇచ్చాడు. ప్రవచనాలు ఆపి, ముందు జబ్బు సంగతి చెప్పమన్నాడు.

1935 మేలో ఒక కంపెనీ వాటాల వ్యవహారం మీద బిల్ ఒహాయో రాష్ట్రంలోని ఆక్రన్ పట్టణానికి వెళ్లాడు. పని బెడిసికొట్టింది. జేబులో డబ్బు లేదు. తోటివాళ్లు వెళ్లిపోయారు. మేఫ్లవర్ హోటల్ లాబీలో ఒంటరిగా పచార్లు చేస్తున్నాడు. ఒక పక్క బార్‌లోంచి నవ్వులు, గ్లాసుల చప్పుడు. ఓడిపోయిన మనిషి, పరాయి ఊరు, వారాంతం. లోపలికి వెళ్లి కాసేపు కూర్చుంటే తప్పేముందన్న ఆలోచన మెల్లగా వచ్చింది. ఒకటి తాగి ఊరుకోవచ్చులే అన్న ఆలోచన దాని వెంటే వచ్చింది.

ఇక్కడ బిల్ చేసిన మూడు పనులు ఇవాళ్టి మానసిక వైద్యులు నెలల తరబడి సాధన చేయించేవే.

మొదటిది, వచ్చిన ఆలోచనను గుర్తుపట్టాడు. కాసేపు కూర్చుంటే ఏమవుతుందన్నది తన తెలివి మాట కాదనీ, జబ్బు మాట్లాడుతోందనీ తెలుసుకుని భయపడ్డాడు.

రెండోది, అక్కడి నుంచి కదిలాడు. బార్ వైపు కాకుండా లాబీ రెండోవైపు, చర్చిల చిరునామాల పట్టిక ఉన్నచోటికి నడిచాడు.

మూడోది, ఫోన్ చేశాడు. తనను కాపాడమని కాదు, తాను మాట్లాడటానికి మరో తాగుబోతు కావాలని అడిగాడు. చుట్టూ తిరిగిన ఆ ఫోన్లు చివరికి హెన్రియెటా సైబర్లింగ్ అనే మహిళ దగ్గర తేలాయి. ఆమె అదే ఊళ్లోని సర్జన్ డాక్టర్ బాబ్ స్మిత్‌ను పిలిపించింది.

మర్నాడు డాక్టర్ బాబ్ వణికే చేతులతో వచ్చాడు. పావుగంటకు మించి ఉండనన్నాడు. గంటల తరబడి కూర్చున్నాడు. బిల్ ఈసారి బోధించలేదు. తన కథ తాను చెప్పుకున్నాడు. వింటున్న డాక్టర్‌కు తన కథే వినిపించింది. మధ్యలో ఒకసారి జారినా, 1935 జూన్ 10 తర్వాత బాబ్ మళ్లీ తాగలేదు. ఆల్కహాలిక్స్ అనానిమస్ (ఏఏ) పుట్టినరోజుగా ఆ తేదీనే లెక్కిస్తారు. మూడో మనిషి ఆక్రన్ సిటీ ఆస్పత్రి మంచం మీద దొరికిన ఒక లాయరు. ఇవాళ ఏఏ బృందాలు దాదాపు 180 దేశాల్లో ఉన్నాయి, హైదరాబాద్‌లోనూ ఉన్నాయి. ఫీజు లేదు. పేరు బయటపెట్టక్కర్లేదు.

కాగితం మీద నాలుగు గడులు

1939 ఏప్రిల్‌లో ఈ అనుభవాలతో ఏఏ పుస్తకం వెలువడింది. రచన ఎక్కువభాగం బిల్‌దే. 12 మెట్లు అందులోవే. దైవ ప్రస్తావన ఎక్కువగా ఉంటుంది. అయినా ఎవరికి తోచిన దైవాన్ని వాళ్లు తలుచుకోవచ్చన్న వెసులుబాటు కూడా పెట్టారు. భక్తి పక్కనపెట్టి చూసినా ఆ మెట్లలో గట్టి మనస్తత్వశాస్త్రం ఉంది.

ఉదాహరణకు కక్షల పట్టిక. ఎవరి మీద కోపం ఉందో ఒక గడిలో రాయాలి. ఎందుకో రెండో గడిలో. ఆ సంఘటన నాలో దేన్ని తాకిందో మూడో గడిలో: డబ్బునా, పరువునా, భయాన్నా? అందులో నా వంతు ఎంతో చివరి గడిలో. అన్న ఆస్తిలో మోసం చేశాడని పదేళ్లుగా తాగుతూ తిట్టేవాడు, ఆ నాలుగో గడి దగ్గర ఆగిపోతాడు. తాను పత్రాలు చదవకుండా సంతకం పెట్టిన సంగతి, అడగాల్సిన రోజున మాట్లాడని సంగతి గుర్తొస్తాయి. అన్న తప్పు అన్నదే. అయినా తన చేతుల్లో ఉన్న ముక్క ఒకటి దొరికింది. తాగడానికి సాకుగా పనికొచ్చిన కోపం, సరిచేసుకోవడానికి వీలైన పనిగా మారింది.

కోపాన్ని నిందగా కాక సమాచారంగా చూడటం, ఆలోచనను కాగితం మీద పెట్టి పరీక్షించడం, ఈ నేర్పునే దశాబ్దాల తర్వాత కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ మరింత పద్ధతిగా నేర్పింది.

లోయిస్ విసిరిన చెప్పు

బిల్ మానేశాక ఇంట్లో అంతా సర్దుకుందనుకుంటాం. ఒక ఆదివారం అతను సమావేశానికి వెళ్దాం త్వరగా తెమలమన్నాడు. లోయిస్‌కు ఒక్కసారిగా కోపం ముంచుకొచ్చి చేతిలోని చెప్పు విసిరికొట్టింది. తర్వాత ఆమెకే ఆశ్చర్యం వేసింది. తాగిన పదిహేడేళ్లూ భరించిన మనిషి, మానేశాక ఎందుకు పేలిపోయింది?

ఆలోచిస్తే తెలిసింది. ఇన్నేళ్లూ భర్తను బాగుచేయడమే ఆమె బతుకైంది. ఆమె ప్రేమకు లొంగని తాగుడు ఎవరో పరాయివాళ్ల మాటకు లొంగింది. ఇప్పుడు అతనికి ఆమె అవసరం లేదు, కొత్త స్నేహితులున్నారు. తాగుడు అతని ఒంటినే కాదు, ఆమె ఆలోచననూ తనకు తగ్గట్టు మలిచింది. తన మనసును తాను చక్కదిద్దుకోవడం మొదలుపెట్టిన లోయిస్, 1951లో తాగేవాళ్ల కుటుంబాల కోసం అల్-అనాన్ బృందాలను ఏర్పాటు చేసింది.

మన ఇళ్లలో భార్య జేబులు వెతుకుతుంది, వాసన చూస్తుంది, ఆఫీసుకు ఫోన్ చేసి జ్వరమని అబద్ధం చెబుతుంది, అప్పు తీరుస్తుంది. తల్లి అయితే కోడలిదే తప్పంటుంది. మనిషి మానేసి వచ్చాక కూడా ఈ కాపలా ఆగదు. కాపలా ఎంత గట్టిగా ఉంటే దాన్ని తప్పించుకోవాలన్న పంతం అంత పెరుగుతుంది. అతనికి కౌన్సెలింగ్ ఎంత అవసరమో కుటుంబానికీ అంతే అవసరం.

మానేసిన పదేళ్లకు దిగులు

ఇక ఈ జీవితంలో ఎక్కువమందికి తెలియని భాగం. 1944 నుంచి దాదాపు పదకొండేళ్లపాటు బిల్ తీవ్రమైన డిప్రెషన్‌తో బాధపడ్డాడు. అప్పటికి ఏఏ దేశమంతా పాకింది. వేలమంది అతని పేరు చెప్పుకుని బతుకుతున్నారు. అతను మాత్రం కొన్ని రోజులు కుర్చీలోంచి లేవలేకపోయాడు. అంత పేరున్నవాడు సైకియాట్రిస్ట్ దగ్గరకు వెళ్లడమేమిటని కొందరు సభ్యులు గొణిగారు. బిల్ వెనకాడలేదు, వెళ్లాడు.

చికిత్సతోపాటు తనను తాను తరచి చూసుకున్నాడు. 1958లో ఏఏ పత్రికలో రాసిన ఒక వ్యాసంలో ఆ సంగతులు పంచుకున్నాడు. తాగుడు మానడం మొదటి మెట్టేననీ, మనసు నిలకడ సాధించడం తర్వాతి మెట్టనీ దాని సారాంశం. తన దిగులు వేరు ఎక్కడుందో అందులో పట్టుకున్నాడు. మనుషుల నుంచి, పరిస్థితుల నుంచి తనకు రావాల్సినంత మెప్పు, ప్రేమ, భద్రత రావాలని పట్టుబట్టడం, అవి రాకపోతే కుంగిపోవడం. బూమరాంగ్ చేసి తాతయ్య మెప్పు పొందిన పిల్లాడు అరవై దాటాక కూడా లోపల కూర్చునే ఉన్నాడు. దాన్ని చూడగలిగాక, ఆశించకుండా ఇవ్వడం సాధన చేశాడు. మెల్లగా తేరుకున్నాడు.

మానేసిన మనిషి నెలల తర్వాత కూడా దిగులుగా, చిరాకుగా ఉంటే ఇంకేం కావాలని విసుక్కోకండి. డిప్రెషన్, ఆందోళన తాగుడుతో కలిసి రావడం చాలా మామూలు. వాటికి విడిగా చికిత్స కావాలి. డాక్టర్ రాసిన మాత్రలు వాడితే మరో అలవాటు అవుతుందని మధ్యలో ఆపేయడం ప్రమాదం.

వదలని సిగరెట్

మద్యాన్ని జయించిన బిల్ పొగను జయించలేకపోయాడు. జీవితంలో ఎక్కువభాగం విపరీతంగా సిగరెట్లు కాల్చాడు. ఊపిరితిత్తులు పాడై ఎంఫిసీమా వచ్చాక కూడా చాలాకాలం వదల్లేదు. 1971 జనవరి 24న, సరిగ్గా 53వ పెళ్లిరోజున, మయామీలో కన్నుమూశాడు. లక్షలమందికి దారి చూపిన మనిషి కూడా ఒక వ్యసనం విషయంలో ఓడాడు. అతని మిత్రుడు ఎబీ కూడా తర్వాత ఎన్నోసార్లు మళ్లీ తాగాడు. బిల్ మాత్రం చివరిదాకా అతన్ని తన దారిదీపంగానే చెప్పుకున్నాడు. మళ్లీ జారడం ఈ జబ్బులో భాగం. జారిన రోజున అవమానించి గెంటేస్తే దూరం పెరుగుతుంది. ఏ ఆలోచన, ఏ చోటు, ఏ మనిషి దగ్గర జారాడో కలిసి వెతికితే తర్వాతిసారికి పనికొస్తుంది.

ఏఏ పద్ధతి నిజంగా పనిచేస్తుందా అన్నది చాలాకాలం వాదనగానే ఉంది. 2020లో కాక్రేన్ సంస్థ 27 అధ్యయనాలను, 10 వేల మందికిపైగా పాల్గొన్నవాళ్ల వివరాలను సమీక్షించింది. పూర్తిగా మానేసి ఉండటంలో ఏఏ, దానివైపు నడిపించే పద్ధతిగల చికిత్సలు, ఇతర మానసిక చికిత్సలతో సమానంగా, కొన్నిచోట్ల వాటికన్నా మెరుగ్గా పనిచేశాయని తేలింది. అందరికీ ఇదొక్కటే దారి అని కాదు. దేవుడి మాట నచ్చనివాళ్లకు కాగ్నిటివ్ థెరపీ ఉంది. యావను తగ్గించే మందులూ ఉన్నాయి. దారి ఏదైనా నేర్చుకోవాల్సిన పాఠాలు ఒక్కలాంటివే.

ఇంట్లో సాధన చేయదగ్గవి

నాలుగు ప్రశ్నలు: తాగాలనిపించగానే ఆకలేస్తోందా, కోపంగా ఉన్నానా, ఒంటరిగా ఉన్నానా, అలసిపోయానా అని అడుక్కోవాలి. చాలాసార్లు సమాధానం ఈ నాలుగింటిలోనే ఉంటుంది. ఆకలైతే అన్నం, అలసటైతే నిద్ర, ఒంటరితనమైతే ఒక ఫోన్.

అల దాటే ఓపిక: యావ అలలాంటిది. లేస్తుంది, పెరుగుతుంది, విరుగుతుంది. చాలామందిలో అరగంటలోపే తగ్గుముఖం పడుతుంది. దానితో కుస్తీ పట్టకుండా, ఛాతీలోనో గొంతులోనో ఎక్కడ తెలుస్తోందో గమనిస్తూ ఆ కాసేపు దాటించాలి.

సినిమా చివరిదాకా చూడటం: మనసు మొదటి పెగ్గు సుఖాన్నే చూపిస్తుంది. అర్ధరాత్రి గొడవ, తెల్లారాక పిల్లల ముఖం, ఆఫీసులో సిగ్గు కూడా కలిపి ఊహించుకోవాలి.

ఇవాళ్టికి మాత్రమే: జన్మలో ముట్టనన్న ఒట్టు కొండంత బరువు. ఈ ఒక్కరోజుకు తాగనన్నది మోయగల బరువు.

మూడు ఫోన్ నంబర్లు: యావ వచ్చినప్పుడు వెతుక్కోకుండా ముందే రాసి జేబులో పెట్టుకోవాలి. వాటిలో ఒకటైనా తాగి మానేసిన మనిషిది అయితే మేలు.

చేర్పించే ముందు ఇవి అడగండి

ఏళ్లుగా రోజూ తాగేవాళ్లు ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ రావచ్చు, మతి చెదిరి కలవరించవచ్చు. ప్రాణాపాయం కూడా. కల్లు విషయంలోనూ అంతే. ఆల్ప్రాజోలం, డైజిపామ్ లాంటివి కలిపిన కల్తీ కల్లుకు అలవాటుపడ్డవాళ్లు, 2015 సెప్టెంబర్‌లో సరఫరా ఆగగానే తెలంగాణ జిల్లాల్లో వందల సంఖ్యలో ఆస్పత్రుల పాలయ్యారు. కాబట్టి మొదటి రోజులు డాక్టర్ పర్యవేక్షణలోనే గడవాలి. గదిలో పెట్టి తాళం వేయడం వైద్యం కాదు.

మొయినాబాద్‌లోనైనా, చేవెళ్లలోనైనా, మరెక్కడైనా కేంద్రంలో చేర్పించే ముందు కొన్ని సంగతులు కనుక్కోండి. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017 కింద రిజిస్ట్రేషన్ ఉందా? సైకియాట్రిస్ట్ ఎన్నాళ్లకోసారి వస్తారు? రాత్రిపూట అత్యవసరమైతే ఎవరు చూస్తారు? కొట్టడం, కట్టేయడం ఉందా? ఇంటివాళ్లకు కౌన్సెలింగ్ ఇస్తారా? అన్నిటికన్నా ముఖ్యమైనది, డిశ్చార్జి అయ్యాక మొదటి ఆర్నెల్లు ఎవరు, ఎలా చూసుకుంటారు? ఈ ఆఖరి ప్రశ్నకు జవాబు లేనిచోట ఎంత పచ్చని తోట ఉన్నా, ఎంత మంచి భోజనం పెట్టినా చికిత్స సగంలోనే ఆగిపోయినట్టు.

ఎర్రగడ్డలోని ప్రభుత్వ మానసిక చికిత్సాలయంలో వ్యసనాలకూ వైద్యం దొరుకుతుంది. కేంద్ర ప్రభుత్వ డీఅడిక్షన్ హెల్ప్‌లైన్ 14446, మానసిక ఆరోగ్య సలహాలకు టెలీ మానస్ 14416. రెండూ ఉచితమే. తాగే మనిషి ఒప్పుకోకపోయినా ఫర్వాలేదు, ఇంట్లోవాళ్లు ముందుగా ఫోన్ చేసి మాట్లాడవచ్చు.